నేల శ్వాస: గోల్ఫు పచ్చిక నుండి నూజివీడు మామిడి తోట వరకు

మొక్కకు నీరు కావలెనని చిన్న పిల్లవానికి కూడా తెలుసు. ఎరువు కావలెనని ప్రతి రైతుకూ తెలుసు. వేరుకు గాలి కావలెనన్న సంగతి మాత్రం మనలో పెక్కుమంది ఆలోచనకు రాదు. ఆకులు పైన ఉన్నవి, గాలి పైన ఉన్నది, కనుక చెట్టుకు కావలసిన గాలి అంతయు ఆకుల ద్వారానే లభిస్తున్నదని భావిస్తాము. ఆకు బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆహారాన్ని తయారు చేస్తుందని పాఠశాలలో చదివినాము. కాని ఆ ఆహారం నుండి శక్తిని పొందవలెనంటే వేరు తాను ఉన్న చోటనే ప్రాణవాయువును పీల్చుకొనవలెను. జంతువుల శరీరంలో రక్తం ప్రాణవాయువును కాలి వ్రేలి వరకు మోసుకొని పోతుంది. చాలా చెట్లకు అటువంటి ఏర్పాటు లేదు. కావున నేలలో గాలి ఆడకపోతే, చుట్టూ నీరున్నా ఎరువున్నా, వేరు వాటిని గ్రహించే శక్తిని కోల్పోతుంది.

ఈ చిన్న సూత్రాన్ని అతి శ్రద్ధగా పాటించే చోటు ఒకటి ఉన్నది. అది పొలం కాదు, తోట కాదు. గోల్ఫు ఆడే మైదానం. అక్కడి పచ్చికను కాపాడే విధానాన్ని తెలుసుకొని, దానిలో మన నూజివీడు మామిడి తోటలకు, మన కళాశాల ఆటస్థలానికి పనికివచ్చే పాఠం ఏమున్నదో విచారించుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

నేలలో సగం ఖాళీయే

పిడికెడు మంచి మట్టిని తీసుకొన్నట్లయితే అది ముద్దగా, నిండుగా కనిపిస్తుంది. వాస్తవానికి దాని ఘనపరిమాణంలో సగం ఖాళీ స్థలమే. సారవంతమైన నేలలో సుమారు 45 శాతం ఇసుక, ఒండ్రు, బంకమన్ను రేణువులు, 5 శాతం సేంద్రియ పదార్థం ఉంటాయని, మిగిలిన 50 శాతంలో సగం నీరు, సగం గాలి ఉండుట మేలని మృత్తికా శాస్త్రం చెపుతున్నది. పెద్ద రంధ్రాల నుండి వాన నీరు క్రిందికి జారిపోగా, దాని వెనుకనే గాలి లోపలికి ప్రవేశిస్తుంది. సన్నని రంధ్రాలు నీటిని పట్టి ఉంచి వేరుకు కొద్దికొద్దిగా అందిస్తాయి. ఈ రెండు రకాల రంధ్రాలు ఉన్నప్పుడే నేల ఆరోగ్యంగా ఉన్నదని చెప్పవచ్చును.

నేలను త్రొక్కినప్పుడు మొదట మూసుకొనిపోయేవి పెద్ద రంధ్రాలే. అప్పుడు నీరు ఇంకదు. ఇంకిన నీరు కదలదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోల్చితే నీటిలో వ్యాపించే వేగం సుమారు పదివేల రెట్లు తక్కువ. అందువలన నీటితో మూసుకొనిపోయిన రంధ్రం వేరుకు తలుపు వేసిన గదివంటిది. వేళ్ళు, సూక్ష్మజీవులు విడిచిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేదు. ప్రాణవాయువు లోపలికి రాలేదు. నేలలో గాలి నిండిన రంధ్రాలు 10 శాతం కంటె తగ్గినప్పుడు చాలా మొక్కల వేళ్ళు బాధపడతాయని సాధారణంగా లెక్కిస్తారు. గాలి లేని నేలలో మరియొక నష్టం కూడా కలదు. కొన్ని సూక్ష్మజీవులు నత్రజని ఎరువును వాయువుగా మార్చి ఆకాశంలోకి పంపివేస్తాయి. రైతు డబ్బు పెట్టి కొన్న యూరియాలో కొంత భాగం ఆ విధంగా గాలిలో కలిసిపోతుంది.

వరిచేను ధర్మం వేరు, మామిడి తోట ధర్మం వేరు

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం కలుగవచ్చును. కృష్ణా డెల్టాలో వరి నెలల తరబడి నీటిలో నిలిచి చక్కగా పండుతున్నది కదా, వేరుకు గాలి అవసరమన్న మాట ఎట్లు నిజమగును?

ఈ సందేహానికి సమాధానం వరి కాండంలోనే ఉన్నది. వరి మొక్కలో ఆకు నుండి వేరు వరకు గాలి గొట్టాల వంటి అరలు ఉంటాయి. వాటి ద్వారా ప్రాణవాయువు క్రిందికి దిగుతుంది. కాకినాడ సమీపాన కోరంగి వద్ద పెరిగే మడ చెట్లు మరొక ఉపాయం పన్నినవి. బురదలో గాలి లేనందున అవి శ్వాస కొరకు కొన్ని వేళ్ళను నేలలో నుండి పైకి, మేకులు పాతినట్లు, నిటారుగా పంపుతాయి. ప్రకృతి ఈ మొక్కలకు ప్రత్యేకమైన ఏర్పాట్లు చేసిందన్న విషయమే వేరుకు గాలి ఎంత అవసరమో ఋజువు చేస్తున్నది.

వరి రైతు నాట్లకు ముందు దమ్ము చేసి, నేలలోని పెద్ద రంధ్రాలను బుద్ధిపూర్వకంగానే మూసివేస్తాడు. నీరు ఇంకిపోకుండా నిలుచుటకు అదే మార్గం. డెల్టాలో అది జ్ఞానం. అదే పనిని నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాల మెట్ట నేలలో, మామిడి చెట్టు క్రింద, ఉద్దేశం లేకుండానే బండి చక్రాలతో చేస్తే అది అపచారం. మామిడికి వరివంటి గాలి గొట్టాలు లేవు. కొన్నాళ్ళు నీట మునిగిన మామిడి మొక్క కాండం మీది శ్వాసరంధ్రాలు ఉబ్బి పైకి వస్తాయని పరిశోధకులు గమనించినారు. ఆ ఉబ్బుదల కొంత కాలం ప్రాణం నిలుపుకొనే ప్రయత్నమే గాని, శాశ్వతంగా నీటిలో బ్రతుకుటకు ఏర్పాటు కాదు.

గోల్ఫు గ్రీన్ అనగానేమి?

గోల్ఫు స్కాట్లాండులో పెరిగిన ఆట. మన దేశంలో ఇది చాలా పాతది. కలకత్తాలోని గోల్ఫు క్లబ్బు 1829లోనే స్థాపించబడినది. మన తెలుగు నేలపై విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు ఉన్నది. హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా ప్రాంగణంలో గోల్ఫు మైదానం ఉన్నది. ఆ నయాఖిలాలోనే 'హతియాన్ కా ఝాడ్' అని పిలువబడే బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షం కూడా నిలిచి ఉన్నది.

మైదానంలో బంతి చేరవలసిన గుంట చుట్టూ ఉండే పచ్చికను 'గ్రీన్' అంటారు. అక్కడ బంతి కొట్టిన దారిని తప్పకుండా దొర్లవలెను. అందుకొరకు గడ్డిని కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున మాత్రమే నిలిచేటట్లు తరచుగా కోస్తారు. అంత పొట్టి గడ్డికి ఆకు తక్కువ. కనుక ఆహారమూ తక్కువ, వేరూ తక్కువ. దానికి తోడు ఆడవచ్చిన వారందరూ ఆ కొద్దిపాటి స్థలంలోనే తిరుగుతారు. కోత యంత్రాల బరువు కూడా దాని మీదనే పడుతుంది. త్రొక్కిడి ఇంత ఎక్కువగా ఉండే పచ్చిక మరొకటి ఉండుట అరుదు.

ఆ గడ్డి ఏదో విదేశీ వింత కాదు. వేడి ప్రాంతాలలోని గ్రీన్లలో విరివిగా పెంచేవి మన గరిక జాతికి చెందిన సంకర రకాలే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు గరికను ఆఫ్రికాలోని దాని బంధువుతో సంకరపరచి, 1956లో టిఫ్‌గ్రీన్ అనే రకాన్ని విడుదల చేసినాడు. ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఏ అనే సజ్జ వంగడాన్ని తల్లిగా ఉపయోగించియే లూధియానాలో మన దేశపు మొదటి సంకర సజ్జ, హెచ్.బి. 1, 1965లో వెలువడినది. ఆటల పచ్చిక మీద కృషి చేసిన వాని చేయి పేదవాని సజ్జరొట్టె వరకు చేరినది. విద్యకు ఇది పనికివచ్చునది, ఇది పనికిరానిది అని ముందుగా గీత గీయరాదనుటకు ఇది మంచి నిదర్శనం.

రంధ్రాలు చేసే విధానం

త్రొక్కిడి వలన గట్టిపడిన గ్రీన్‌కు మైదానపు పాలకులు చేసే చికిత్స చూచువారికి విచిత్రంగా తోస్తుంది. నున్నని పచ్చిక నిండా వేలకొలది చిల్లులు పొడుస్తారు. మొదట్లో ఈ పని చేతి ఫోర్కులతో జరిగేది. 1946లో అమెరికాలో టామ్ మస్కారో అనే వ్యక్తి ఇందుకొక యంత్రాన్ని తయారు చేసినాడు.

యంత్రానికి ఉండే కోరలు రెండు రకాలు. ఒకటి గట్టి మేకు వంటిది. అది మట్టిని ప్రక్కలకు నెట్టి రంధ్రం చేస్తుంది. రెండవది లోపల బోలుగా ఉండే గొట్టం. అది మట్టిని బుడ్డెలు బుడ్డెలుగా పైకి తీసివేస్తుంది. ఈ భేదం ముఖ్యమైనది. మేకు చేసిన రంధ్రం చుట్టూ మట్టి మరింత బిగుసుకొంటుంది. గొట్టం మాత్రం బిగిసిన మట్టినే బయటికి తీసి, మిగిలిన మట్టి సడలుటకు చోటు కల్పిస్తుంది. గడ్డి మొదళ్ళలో పేరుకొన్న ఎండు కాడల పొరను కూడా కొంత తొలగిస్తుంది. ఆ మీదట రంధ్రాలలో సన్నని ఇసుక నింపి, బ్రష్షుతో సమం చేసి, నీరు పెడతారు.

ఒక చిన్న లెక్క చూతము. రంధ్రం వ్యాసం 1.27 సెం.మీ. అనుకొందము. అనగా అర అంగుళం. రంధ్రానికి రంధ్రానికి దూరం 5 సెం.మీ. అప్పుడు ప్రతి 25 చదరపు సెం.మీ.కు 1.27 చదరపు సెం.మీ. మేర తెరచుకొంటుంది. అనగా మొత్తం వైశాల్యంలో సుమారు 5 శాతం. నూటికి తొంబదియైదు పాళ్ళ నేలను కదిలించకుండానే గాలికి, నీటికి దారి ఏర్పడుతున్నది. ఆటగాళ్ళు మాత్రం సంతోషించరు. రెండు మూడు వారాలు బంతి సరిగా దొర్లదు. అయినను అనుభవజ్ఞుడైన పాలకుడు ఆ విమర్శను ఓర్చుకొంటాడు. నేటి నునుపు కొరకు రేపటి వేరును పోగొట్టుకొనుట అవివేకమని అతనికి తెలుసు.

కాలనిర్ణయం కూడా అతని విద్యలో భాగమే. గరిక చురుకుగా పెరిగే వేసవి, వర్షాకాలాలలోనే ఈ పని చేస్తారు. చలికి గడ్డి మందగించినప్పుడు చేయరు. మానుకొనే శక్తి ఉన్నప్పుడే గాయం చేయవలెనన్నది సూత్రం.

మామిడి తోటలో జరుగుతున్నదేమి?

నూజివీడు 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, అప్పటి నుండి ఏలూరు జిల్లాలో భాగమైనది. జిల్లా మారినను చిన్నరసాలకు, పెద్దరసాలకు, బంగినపల్లికి ఈ ప్రాంతానికి ఉన్న ఖ్యాతి మారలేదు. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన మామిడి పరిశోధన కేంద్రం నూజివీడులోనే ఉన్నది. మన కళాశాలలో చదివే వారిలో పలువురి ఇంటి ఖర్చు, చదువు ఖర్చు, అక్కచెల్లెళ్ళ పెండ్లి ఖర్చు మామిడి పూత మీద ఆధారపడి ఉన్నవే.

ఇక్కడి ఎర్ర గరప నేలలు స్వభావరీత్యా నీరు ఇంకే నేలలు. కాని సేంద్రియ పదార్థం తక్కువైనప్పుడు ఇవి ఎండకు గట్టిపడి, వానకు పైన పొరకట్టే గుణం కలవి. పూర్వం తోటలో నడిచినవి ఎద్దులు, నాగలి, మనిషి కాళ్ళు. నేడు ట్రాక్టర్లు, మందు పిచికారీ బండ్లు నడుస్తున్నవి. తోటలను పూత మీద గాని పిందె మీద గాని గుత్తకు ఇచ్చే అలవాటు కలదు. గుత్తదారునకు ఆ ఏటి కాయతోనే సంబంధం. కావున కాయల లారీ చెట్టు మొదటి వరకు వచ్చినా అతడు అడ్డు చెప్పడు. తోట యజమాని కూడా నాలుగు కొమ్మలు విరిగితే కోపగించుకొంటాడు గాని, చక్రం క్రింద నలిగిన నేలను గురించి అడుగడు.

చక్రం నేలపై మోపే ఒత్తిడి ఇంచుమించు దాని టైరులోని గాలి ఒత్తిడికి సమానం. నిలుచున్న మనిషి పాదాలు చదరపు సెంటీమీటరుకు కిలోలో అయిదవ వంతు బరువు మోపితే, బరువెక్కిన లారీ టైరు సుమారు 7 కిలోల బరువు మోపుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు రేణువులు సులభంగా జారి బిగుసుకొంటాయి. కావున తొలకరి వాన పడిన మరునాడు లారీ తోటలోనికి రావడం అన్నిటి కంటె హానికరం. చక్రం మొదటిసారి పోయినప్పుడే నష్టంలో హెచ్చు భాగం జరిగిపోతుంది. కనుక తోటంతా తిరిగే పది దారుల కంటె, గుర్తుపెట్టిన ఒకే దారి మేలు. ఇక ప్రతి ఏటా ఒకే లోతున రోటవేటరు త్రిప్పిన చోట, పైన మెత్తగా కనిపించినను, దాని క్రింద గట్టి పొర ఒకటి ఏర్పడే ప్రమాదం కలదు.

చెట్టు కాపు తగ్గుటకు కారణాలు అనేకం. తేనెమంచు పురుగు, తామర పురుగులు, అకాల వర్షాలు, ముదిరిన వయస్సు, వీటన్నిటినీ లెక్కలోనికి తీసుకొనవలెను. నేల బిగువు ఒక్కటే కారణమని చెప్పుట శాస్త్రీయం కాదు. కాని మిగిలిన కారణాలు కంటికి కనిపిస్తాయి; ఇది కనిపించదు. కాపు తగ్గిన తోటకు మరొక బస్తా ఎరువు వేసి, మరొక మందు కొట్టి, చివరకు విసిగి గొడ్డలి ఎత్తే ముందు నేలలో గాలి ఉన్నదా అని ఒకమారు పరీక్షించుట యజమాని ధర్మం. తాత నాటిన చెట్టును నరుకుటకు ఒక పూట చాలును. మరల పెంచుటకు ఒక తరం కావలెను.

విద్యార్థులు చేయగల పరీక్షలు

మొదటిది గునపం పరీక్ష. వాన వెలిసిన రెండు మూడు రోజులకు, ఒక సన్నని ఇనుప చువ్వను చెట్టు నీడ అంచున, బండి దారిలో, ఎవరూ త్రొక్కని గట్టు ప్రక్కన చేతి బలంతో నెట్టి చూడవలెను. ఎక్కడ ఎంత లోతుకు దిగినదో వ్రాసుకొనవలెను.

రెండవది డబ్బా పరీక్ష. రెండు వైపులా మూత తీసిన రేకు డబ్బాను నేలలో కొంత దిగగొట్టి, అందులో లీటరు నీరు పోసి, ఇంకుటకు పట్టిన సమయాన్ని గడియారంతో చూడవలెను. పై మూడు చోట్లను పోల్చినచో తేడా దానంతట అదే తెలుస్తుంది.

మూడవది మన ప్రయోగశాలలో చేయదగినది. 7 సెం.మీ. వ్యాసం, 10 సెం.మీ. ఎత్తు గల డబ్బాలో పట్టే మట్టి ఘనపరిమాణం 385 ఘన సెం.మీ. ఆ మట్టిని చెదరకుండా తీసి, 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టి తూచవలెను. ఉదాహరణకు బరువు 539 గ్రాములు వచ్చినదనుకొందము. 385తో భాగించగా సాంద్రత 1.40. మట్టి రేణువు సాంద్రత 2.65 గనుక ఖాళీ స్థలం సుమారు 47 శాతం అగును. బండి దారిలోని మట్టి 635 గ్రాములు తూగినచో సాంద్రత 1.65, ఖాళీ స్థలం 38 శాతం. రెండు చోట్ల 28 శాతం నీరు ఉన్నదనుకొంటే, మొదటి చోట గాలికి 19 శాతం మిగులుతుంది. రెండవ చోట 10 శాతమే. వాన ఒక్కటే, చెట్టు ఒక్కటే. ఒక ప్రక్క వేరు ఊపిరి పీలుస్తున్నది, రెండవ ప్రక్క వేరు ఊపిరాడని అంచున ఉన్నది.

తోటకు అనువైన పద్ధతులు

గోల్ఫు మైదానపు యంత్రాన్ని తోటలోనికి తీసుకొని రానక్కరలేదు. దాని సూత్రం చాలును. కాయ కోత ముగిసి తొలకరి వచ్చిన తరువాత చెట్టుకు మానుకొనే శక్తి ఉంటుంది. నేల తడిసి, చేతికి అంటుకొనని పదునులో ఉన్నప్పుడు తేలికగా దున్నవలెను, బురదలో దున్నరాదు. మామిడి ఆహారపు వేళ్ళు పై పొరలోనే ఎక్కువగా ఉంటాయి గనుక చెట్టు క్రింద లోతు దుక్కి పనికిరాదు. వరుసల మధ్య జనుము, జీలుగ, పిల్లిపెసర వంటివి చల్లి, పూత దశలో కలియదున్నినచో వాటి వేళ్ళు చేసిన దారులు, కుళ్ళిన ఆకు, రెండూ నేలను గుల్లపరుస్తాయి. పూత రావలసిన చలికాలంలో మాత్రం వేళ్ళను కదిలించరాదు.

బాగా బిగిసిన చోట, కొమ్మల నీడ అంచు వెంట మట్టిని పైకి తీసే బరమా వంటి పనిముట్టుతో అడుగు లోతు రంధ్రాలు చేసి, చివికిన పశువుల ఎరువుతో నింపవచ్చును. నీరు దిగని బంక నేలలో ఈ రంధ్రాలే నీటి గుంటలై వేరును కుళ్ళబెట్టగలవు. అక్కడ ముందు మురుగు కాలువ తీయవలెను. అన్నిటి కంటె మేలైన పనివాడు వానపాము. డార్విన్ 1881లో ప్రచురించిన తన చివరి గ్రంథాన్ని వానపాములకే అంకితం చేసినట్లుగా వ్రాసి, కొన్ని చోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వాటి శరీరం గుండా పోతున్నదని లెక్కగట్టినాడు. రాలిన ఆకును తగులబెట్టక చెట్టు క్రిందనే ఉంచుట ఆ పనివానికి మనం ఇచ్చే కూలి.

ఈ జ్ఞానం ఒక దేశానిది కాదు. 12వ శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్న్ అల్ అవ్వామ్ అరబీ భాషలో రచించిన కితాబ్ అల్ ఫిలాహాలో నేలల గుణాలు, దుక్కి, ఎరువు, చెట్ల పెంపకం విపులంగా చర్చించబడినవి. మన తాలింఖానాలలో పహిల్వానులు కుస్తీకి ముందు గోదా మట్టిని త్రవ్వి గుల్లచేయుట మనం ఎరిగినదే. గట్టి నేల మీద పడిన శరీరం దెబ్బతింటుందని వారికి తెలుసు. గట్టి నేలలోనికి దిగిన వేరు కూడా అట్లే దెబ్బతింటుంది.

మన ఆటస్థలం

క్రికెట్టులో పిచ్‌ను రోలరుతో గట్టిచేస్తారు. అది ఆటకు అవసరం. ఆ 22 గజాలను విడిచి మిగిలిన మైదానం కూడా పిచ్‌వలె గట్టిపడితే గడ్డి పోతుంది, దుమ్ము లేస్తుంది, పడిన విద్యార్థి మోకాలు చిట్లుతుంది. కళాశాల కమిటీవారికి ఒక మనవి. వర్షాకాలంలో మైదానాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని మూడు వారాలు ఆటకు మూసి ఉంచవలెను. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఫోర్కులతో జానెడు దూరానికొకటిగా అరజానెడు లోతు పొడిచి, జల్లెడ పట్టిన పశువుల ఎరువు, అదే రకపు గరప మట్టి చల్లినచో సరిపోతుంది. బంక నేలపై కొద్దిపాటి ఇసుక చల్లుట మేలు కంటె కీడే చేయవచ్చును. ఖర్చు స్వల్పం, ఆవరణలోని చెట్ల మొదళ్ళ వద్ద మోటారు సైకిళ్ళు నిలుపుట మాన్పించుటకు ఖర్చే లేదు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక ఇనుప చువ్వను, ఒక రేకు డబ్బాను తీసుకొని మీ తోటలోనికి వెళ్ళండి. పెద్దలకు ఉపదేశం చేయనక్కరలేదు. లీటరు నీరు ఎక్కడ ఎంతసేపటిలో ఇంకినదో వారి ఎదుట చూపితే చాలును. ఆ లెక్క చూచిన తండ్రి ఈ ఏడు లారీని గట్టు మీదనే ఆపించినచో, మనం చదివిన విజ్ఞానశాస్త్రం మన ఇంటికి మేలు చేసినట్లే.